మిర్గం నుంచి సీతాఫలాల దాకా

జూన్ మొదటి వారం దాటిందంటే తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు మబ్బుల వంక చూసి ‘మిర్గం వచ్చింది’ అంటారు. మృగశిర కార్తె మొదలైందని అర్థం. ఆ రోజు పొయ్యి మీద చేపల పులుసు ఉడకాలి. చేపలు ముట్టనివాళ్లు బెల్లంలో ఇంగువ పెట్టి ఉండ చేసుకుని మింగుతారు. హైదరాబాద్ ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో ఆ తెల్లవారుజామున కాలు పెట్టడానికి సందుండదు.

ఇదే మిర్గం నాలుగు వందల ఏళ్ల కిందట గోల్కొండ రాజుగారి కవిత్వంలోనూ ఉంది. ఆ రాజు హైదరాబాద్‌ను కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా. 1580 నుంచి 1612 దాకా రాజ్యం చేశాడు. 1591లో చార్మినార్ నిలబెట్టి, దాని చుట్టూ కొత్త నగరానికి పునాది వేశాడు. ఆయన కవి కూడా. దక్కనీలో రాసిన ఆయన కవితలన్నిటినీ పండితుడు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించి 1940లో అచ్చువేయించారు. ఆ సంపుటం తిరగేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రాజుల కవిత్వమంటే యుద్ధాలూ విజయాలూ ఉంటాయనుకుంటాం. ఇందులో మిర్గం వానలున్నాయి, చలికాలం ఉంది, వసంతోత్సవం ఉంది, పండ్లున్నాయి, తోటలున్నాయి. పారశీక కవిత్వపు గులాబీ, బుల్‌బుల్ పిట్టలతో సరిపెట్టుకోకుండా తన వాకిట్లో కురిసిన వానను తన ఊరి జనం పిలిచే పేరుతోనే పిలిచాడు.

నగర స్థాపకుడిగా ఆయనకు దక్కిన కీర్తి చార్మినార్ వల్ల వచ్చిందే. కానీ ఆయన ఈ ఊరికి ఇచ్చిన రెండో కానుక ఆ చూపు. రోజూ కనిపించే దాన్ని పండుగలా చూడటం హైదరాబాద్‌కు పుట్టుకతోనే అబ్బింది.

ఆ ఊరు ఎలా ఉండేదో పరదేశీయులు రాసిపెట్టారు. ఫ్రాన్స్ నుంచి వజ్రాల బేరానికి వచ్చిన టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండకు ఒకటికి రెండుసార్లు వచ్చాడు. ఆయన ఈ నగరాన్ని ‘బాగ్‌నగర్’ అంటాడు. నగరం లేవక ముందు ఇది రాజుగారి తోటలున్న విహారస్థలమని చెబుతాడు. రాజమహలు పైకప్పు మీదే పెద్ద పెద్ద చెట్లు పెంచారని, అంత బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయోనని అబ్బురపడతాడు. ఊళ్లోకి ప్రతిరోజూ వందల గుర్రాల మీద కల్లు వచ్చేదట. వజ్రాలు కొనడానికి వచ్చిన మనిషి కల్లు తెచ్చే గుర్రాలనూ మిద్దె మీది చెట్లనూ గమనించి రాసుకున్నాడంటే, అవి కంటికి ఎంతగా ఆనాయో అర్థమవుతుంది.

ఆ తోటల్లో చాలావాటికి ఇప్పుడు పేర్లే మిగిలాయి. బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, ఇబ్రహీంబాగ్ అని బస్సు కండక్టర్లు రోజంతా పిలుస్తూనే ఉంటారు. మూసారాంబాగ్ సంగతి మరీ చిత్రం. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మస్యో రేమాండ్ పేరు జనం నోట్లో నలిగి నలిగి ‘మూసారాం’ అయింది.

తోటలకు ప్రాణం నీళ్లు. హుస్సేన్‌సాగర్‌ను మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కులీ హయాంలో, అంటే నగరం పుట్టడానికి ముందే తవ్వించారు. మూసీ నది ఊరి పక్కనే పారేది. కానీ ఆ నదే ఒకసారి ఊరిని ముంచింది.

1908 సెప్టెంబరు 28. ఎడతెగని వానకు ఎగువ చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. మూసీ గట్లు దాటి బస్తీల మీద పడింది. వేలమంది కొట్టుకుపోయారు. చనిపోయినవాళ్లు దాదాపు 15,000 మంది అని లెక్క చెబుతారు. రుబాయీలకు పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ కళ్లముందే పోగొట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో నది ఒడ్డున ఒక చింతచెట్టు ఉంది. దాని కొమ్మలెక్కి కూచున్న సుమారు 150 మంది బతికి బయటపడ్డారు.

ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. వరదను ఊరికి పైనే ఆపాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ప్రకారమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలను బాగుచేసింది. నది ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ప్రాణాలు కాపాడటానికి కట్టిన ఉస్మాన్‌సాగర్ జనానికి గండిపేట అయింది, వానాకాలం ఆదివారాల్లో టిఫిన్ డబ్బాలతో వెళ్లే చోటు అయింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడన్న మాట కూడా ఉంది.

ఈ నగరంలో కాలం మారిందని క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేదు. వేసవిలో తాటిముంజలు రోడ్డెక్కుతాయి. తొలి వానలు పడ్డాక శివార్లలో ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు తడి మట్టి మీద మెల్లగా పాకుతాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి. బతుకమ్మ నాటికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బంతిపూల రాశులు, వాకిళ్ల ముందు తంగేడు, గునుగు కట్టలు. ఆ వెంటే సీతాఫలాలు. పాలమూరు గుట్టల మీద నీళ్లు పోసే దిక్కు లేకుండా పెరిగే చెట్లవి. అక్కడి బాలానగర్ రకానికి ఆ ఊరి పేరే దేశమంతటా నిలిచింది. అమ్మే ఆవిడ గంపలో ఆకులు పరిచి, కాయ కళ్లు విచ్చుకున్నాయో లేదో బొటనవేలితో చూసి, ‘ఇది ఇయ్యాల తిను, ఇది ఎల్లుండికి’ అని వేరు చేసి ఇస్తుంది. ఆ రెండు రోజుల లెక్క ఎప్పుడూ తప్పదు.

ఊటీకో కశ్మీరానికో వెళ్లి అందం వెతుక్కోవడం తప్పేం కాదు. కానీ ఆ ప్రయాణాల్లో ఒక్కటైనా సొంత ఊళ్లోకి ఉండాలి. అఫ్జల్‌గంజ్ వైపు పని పడితే ఓ పది నిమిషాలు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వెళ్లండి. 150 మందిని మోసిన ఆ చింతచెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.