విజ్ఞానశాస్త్రాల నోట్సు – చేతిరాత, టైపు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివే విద్యార్థి నోట్సును చేత్తో రాయడం మేలా, టైపు చేయడం మేలా అన్న చర్చ ఇటీవల తరచుగా వినిపిస్తున్నది. ఈ ప్రశ్నను పనిముట్టుకే పరిమితం చేయకుండా, నోట్సు తయారయ్యే పద్ధతిని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విన్నదాన్ని సొంతంగా తిరగరాసే దశ ఉన్నప్పుడే నోట్సు చదువుకు తోడ్పడుతుందనీ, ఆ దశలో సూత్రాలకు, పటాలకు, తెలుగు లిపికి చేతిరాత నేటికీ అనుకూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: నోట్సు, చేతిరాత, టైపు, ఫారడే, తెలుగు మాధ్యమం, సంకేతాలు.

1. ఉపోద్ఘాతం

జూనియర్ కళాశాల విద్యార్థికి నోట్సు రెండు రకాలుగా పరిచయం. తరగతిలో అధ్యాపకుడి వేగాన్ని అందుకుంటూ రాసేది రఫ్ నోట్సు. ఇంటికి వెళ్లి సరిచేసి రాసుకునేది ఫెయిర్ నోట్సు. ఫోను, ల్యాప్‌టాప్ వచ్చాక ఈ రెండు దశలూ ఒకటిగా కలిసిపోతున్నాయి. టైపు చేసినది మొదటిసారే శుభ్రంగా కనిపిస్తుంది కనుక తిరగరాయవలసిన అవసరం తోచదు. ఈ మార్పు వల్ల చదువులో ఏమి తగ్గుతున్నదో తెలుసుకోవడానికి గతంలోని కొన్ని ఘట్టాలు ఉపకరిస్తాయి.

2. వీధిబడి: రాత ఉన్నా అర్థం లేని చదువు

1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రచురించిన ఎ.డి. కాంప్‌బెల్, బళ్లారి కలెక్టరుగా ఉన్నప్పుడు 1823లో అక్కడి దేశీయ పాఠశాలలపై మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. పిల్లలు నేలపై పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని అందులో వర్ణించారు. అయితే వాడుకకు దూరమైన కావ్యభాషలోని పద్యాలను వారు అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారని కూడా ఆయన విమర్శించారు. వలసపాలన అధికారి దృష్టి కోణాన్ని పరిగణనలోకి తీసుకున్నప్పటికీ, ఈ నివేదిక ఒక ముఖ్యాంశాన్ని గుర్తుచేస్తుంది: చేత్తో రాసినంత మాత్రాన అవగాహన కలగదు. చేతిరాతను సమర్థించేవారు దీనిని విస్మరించరాదు.

3. ఫారడే: రెండు దశల నోట్సు

విజ్ఞానశాస్త్ర చరిత్రలో నోట్సుకు గల శక్తిని చాటే ఉదాహరణ మైకేల్ ఫారడేది. పుస్తకాల బైండింగు పని నేర్చుకుంటున్న ఆయన, 1812లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. అక్కడ త్వరత్వరగా రాసుకున్న అంశాలను తరువాత విస్తరించి, పరికరాల పటాలు గీసి, సుమారు 300 పుటల గ్రంథంగా స్వయంగా బైండు చేసి డేవీకి పంపారు. 1813లో ఆయనకు అదే సంస్థలో ప్రయోగశాల సహాయకుడిగా స్థానం లభించింది. ఇక్కడ గమనించవలసినది దస్తూరీ అందం కాదు. వినడానికీ, శుద్ధప్రతికీ నడుమ జరిగిన ఆలోచన ముఖ్యం. ఉపన్యాసంలో చూసిన పరికరాన్ని తిరిగి గీయాలంటే అది ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి.

4. ఆధునిక ప్రయోగాలు

పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చర్చకు ప్రాచుర్యం తెచ్చాయి. ల్యాప్‌టాప్ వాడినవారు ఉపన్యాసాన్ని దాదాపు మాటకు మాటగా ఎక్కించుకున్నారు. అలా చేయవద్దని ముందే చెప్పినా ఆ ధోరణి పోలేదు. భావనలకు సంబంధించిన ప్రశ్నల్లో చేత్తో రాసినవారు మెరుగైన ఫలితం చూపారు. అయితే 2019లో మోర్‌హెడ్ బృందం, 2021లో ఉర్రీ బృందం ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు పరీక్ష ఫలితాల్లో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. 2024లో నార్వేకు చెందిన వాన్ డెర్ వీల్, వాన్ డెర్ మేర్ 36 మంది విద్యార్థుల మెదడు తరంగాలను నమోదు చేసి, చేతిరాత సమయంలో మెదడు భాగాల మధ్య అనుసంధానం అధికమని చూపారు. కాని అందులో టైపు చేసినది ఒక్క వేలితోనే. పైగా ఆ ప్రయోగం పాఠం ఎంత గుర్తున్నదో కొలవలేదు. కనుక చేతిరాతకు స్వతస్సిద్ధమైన మహిమ ఉన్నదని ఈ పరిశోధనల ఆధారంగా చెప్పలేము. మాటకు మాట ఎక్కించే అలవాటు పట్ల జాగ్రత్త అవసరమని మాత్రం చెప్పవచ్చు.

5. సంకేతం, పటం, తెలుగు లిపి

విజ్ఞానశాస్త్ర నోట్సులో వాక్యంతోపాటు సంకేతం, పటం కూడా ఉంటాయి. రాసే సాధనం సంకేతాన్ని ప్రభావితం చేస్తుందనడానికి రసాయనశాస్త్రమే సాక్ష్యం. డాల్టన్ 1808లో మూలకాలను వృత్తాలతో సూచించగా, రాయడానికీ ముద్రణకూ సులువుగా ఉండే అక్షర సంకేతాలను బెర్జీలియస్ 1813–14లో ప్రతిపాదించారు. ఆయన పైన వేసిన సంఖ్యను లీబిగ్ 1834లో దిగువకు దించారు. నీటి సంకేతంలో హైడ్రోజన్ పక్కన దిగువన కనిపించే 2 అలా వచ్చినదే. ఆ చిన్న అంకెను కలం ఒక్క కదలికతో వేస్తుంది. వాక్యం కోసం రూపొందిన మీటల పలక దానికి ప్రత్యేక ఏర్పాట్లు కోరుతుంది.

తెలుగు మాధ్యమ విద్యార్థికి మరో భారం ఉన్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించడంతో ‘కిరణజన్య సంయోగక్రియ’, ‘ద్రవ్యవేగం’ వంటి పదాలు తరగతి గదిలో స్థిరపడ్డాయి. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, ‘క్రి’ అనే ఒక్క అక్షరానికి ఇన్‌స్క్రిప్ట్ పలకపై నాలుగు మీటలు నొక్కాలి. ఆ పలక నేర్చుకోనివారు రోమన్ అక్షరాలతో తెలుగును కూర్చుకుంటారు. ఆ శ్రమకన్నా ఆంగ్ల పదాన్నే టైపు చేయడం తేలిక. తత్ఫలితంగా పారిభాషిక పదం విద్యార్థి నోట్సులోంచి మెల్లగా తొలగిపోయే ప్రమాదం ఉన్నది. అదే విద్యార్థి వార్షిక పరీక్షలో మాత్రం ఆ పదాన్నే తెలుగులో, చేత్తో, గడువులోగా రాయవలసి వస్తుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది: నోట్సు విలువ పనిముట్టులో కన్నా తిరగరాతలో ఉన్నది. రెండవది: నిర్వచనాలు, ప్రశ్నల పట్టికలు, పునశ్చరణ జాబితాలు టైపు చేసుకోవడం వల్ల వెతకడం, సవరించడం సులభమవుతాయి. సమీకరణాల ఉత్పాదన, కిరణచిత్రం, పుష్పభాగాల పటం మాత్రం పుస్తకం మూసి చేత్తో వేసుకోవడమే మేలు. మూడవది: టైపు నోట్సు వైపు మళ్లమని విద్యార్థులను ప్రోత్సహించే ముందు, తెలుగు మీటల పలకను పాఠశాల స్థాయిలోనే నేర్పాలి. లేనట్లయితే యాభై ఏళ్లకు పైగా తరగతి గదిలో నిలదొక్కుకున్న తెలుగు శాస్త్ర పరిభాష, దానిని చదువుతున్న విద్యార్థి చేతిలోనే వాడుక తప్పుతుంది.