నలభై ఎకరాల కాగితం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1862 ఏప్రిల్ 16న బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం కూడా ఇచ్చారు. తలకు 300 డాలర్ల దాకా లెక్కగట్టి ఖజానా నుంచి తీసిన ఆ సొమ్ము చేరింది యజమానుల చేతికి. విడుదలైనవాళ్లకూ వంద డాలర్ల దాకా ఇస్తామన్నారు, దేశం వదిలి వెళ్లిపోయేట్టయితే. బ్రిటన్ 1833 చట్టంతోనే ఈ దారి తొక్కింది. యజమానులకు 2 కోట్ల పౌండ్లు పంచింది. అందుకోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో.

మరి చాకిరీ చేసినవాళ్ల బాకీ సంగతేమిటి?

ఆ లెక్క 1865 జనవరి 12 రాత్రి జార్జియా రాష్ట్రంలోని సవానా ఊళ్లో తెరిచారు. అంతర్యుద్ధం ముగింపుకొస్తోంది. ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్, యుద్ధశాఖ మంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి మతపెద్దలను పిలిపించి, మీవాళ్లకు ఏం కావాలని అడిగారు. అందరి తరఫునా మాట్లాడింది 67 ఏళ్ల పాస్టర్ గారిసన్ ఫ్రేజియర్. ఎనిమిదేళ్ల కిందట వెయ్యి డాలర్ల వెండి బంగారాలు పోసి తననూ, తన భార్యనూ తానే కొనుక్కున్న మనిషి. ఆయన అడిగింది భూమి. మా రెక్కల కష్టంతో దున్నుకుంటాం, కూడబెట్టి మేమే కొనుక్కుంటాం అన్నాడు.

నాలుగు రోజులు తిరగకుండానే షెర్మన్ 15వ నంబరు ఫీల్డ్ ఆర్డర్ జారీ చేశాడు. చార్ల్‌స్టన్‌కు దక్షిణాన ఉన్న దీవులు, నదుల వెంట సముద్రం నుంచి 30 మైళ్ల దాకా దొరలు వదిలేసిపోయిన వరి మడులు ఇక నల్లవాళ్లవి. కుటుంబానికి 40 ఎకరాలు మించకూడదు. సామెతలా స్థిరపడిపోయిన ‘నలభై ఎకరాలు, ఒక కంచరగాడిద’ అన్న మాట ఇక్కడ పుట్టిందే. కంచరగాడిద ప్రస్తావన మాత్రం ఉత్తర్వులో లేదు. సైన్యం దగ్గర మిగిలిన పశువులను తర్వాత కొందరికి ఇవ్వడంతో అదీ మాటలో కలిసిపోయింది. జూన్ నాటికి సుమారు 40 వేల మంది 4 లక్షల ఎకరాల్లో పాగా వేశారు.

అయితే వాళ్ల చేతిలో పెట్టిన కాగితం పట్టా కాదు, సాగు చేసుకొమ్మనే స్వాధీన పత్రం. ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ హత్యకు గురయ్యాడు. గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ మే 29న దక్షిణాది తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష ప్రకటించి, వాళ్ల భూములు వాళ్లకు అప్పగించమన్నాడు. ఆ కబురు చెప్పే పని విముక్తుల వ్యవహారాల బ్యూరో అధిపతి జనరల్ హోవర్డ్ మీద పడింది. అక్టోబరులో ఆయన దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవికి వెళ్లి, చర్చిలో కిక్కిరిసిన రైతులకు భూమి వదులుకోవాలని చెప్పాడు. వాళ్లు ముగ్గురితో కమిటీ వేసుకుని ఆయనకు అర్జీ రాశారు. చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి క్షమించమంటే ఎలాగని అందులో నిలదీశారు. అర్జీ దాఖలైంది, భూమి దొరలకే పోయింది.

భూమి అలా పోగా, డబ్బు బ్యాంకులో పోయింది. విముక్తుల పొదుపు కోసం 1865 మార్చి 3న ఏర్పాటైన ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ లింకన్ సంతకంతో పుట్టింది కనుక ప్రభుత్వ పూచీ ఉందనే జనం నమ్మారు. చాకలి పనిచేసే ఆడవాళ్లు, కూలీలు, మాజీ సైనికులు చిల్లర పోగేసి దాచుకున్నారు. పైనున్నవాళ్లు ఆ సొమ్మును ఎడాపెడా అప్పులిచ్చేశారు. మునిగిపోయే వేళకు నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆయన సొంతంగా 10,000 డాలర్లు పోసినా నిలవలేదు. 1874లో తలుపులు మూసేనాటికి 61 వేల పైచిలుకు ఖాతాదారులకు దాదాపు 30 లక్షల డాలర్లు రావాలి. కొందరికి కొంత ముట్టింది, చాలామందికి పాసు పుస్తకమే మిగిలింది.

బాకీ అడిగినవాళ్లకు జైలు కూడా చూపించారు. నాష్‌విల్‌లో బట్టలుతికి బతికిన క్యాలీ హౌస్ మాజీ బానిసలకు పింఛన్ ఇవ్వాలని వేల మందిని కూడగట్టింది. బానిసలు పండించిన పత్తి మీద ప్రభుత్వం వసూలు చేసిన పన్ను 6.8 కోట్ల డాలర్లు తమకే చెందాలని 1915లో ఆమె సంఘం ఖజానా మీద దావా వేసింది. కోర్టు కొట్టేసింది. రాని పింఛన్‌కు ఆశపెట్టి తపాలా ద్వారా మోసం చేసిందంటూ 1917లో క్యాలీని జైలుకు పంపారు.

తీసుకున్నది తిరిగివ్వడమంటే ఎలా ఉంటుందో కాలిఫోర్నియా 2022లో చూపించింది. లాస్ ఏంజలెస్ దగ్గరి మాన్‌హట్టన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ 1912లో 1,225 డాలర్లకు సముద్రపు ఒడ్డున స్థలం కొని, భర్త చార్ల్స్‌తో కలిసి నల్లవాళ్ల కోసం విడిది నడిపింది. ఇరుగుపొరుగు తెల్లవాళ్లు బెదిరించినా కదల్లేదు. 1924లో ఊరి కౌన్సిల్ పార్కు కడతామంటూ భూసేకరణ మొదలుపెట్టి, చివరకు 14,500 డాలర్లు చేతిలో పెట్టింది. సేకరించిన నేల దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉంది. ఆ స్థలం చేతులు మారి, అమ్మకూడదన్న షరతుతో కౌంటీకి వచ్చింది. ఆ షరతు తొలగించేందుకు 2021లో రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో దస్తావేజు వారసుల చేతికి అందింది. ఏడాదికి 4,13,000 డాలర్ల అద్దెకు కౌంటీయే అక్కడ ఉండిపోయింది. 2023లో వారసులు దాన్ని సుమారు 2 కోట్ల డాలర్లకు తిరిగి కౌంటీకే అమ్మేశారు.

బ్రూస్ దంపతులకు రికార్డు ఉంది, సర్వే నంబరుంది. అది లేనివాళ్ల సంగతే చిక్కు. 2020 చట్టంతో కాలిఫోర్నియా వేసిన కమిటీ, పరిహారానికి వంశమే కొలత అని 2022లో అయిదుకు నాలుగు ఓట్లతో తేల్చింది. బానిసలకు గానీ, 19వ శతాబ్దం ముగియక ముందే అమెరికాలో ఉన్న స్వతంత్ర నల్లవాళ్లకు గానీ వారసులై ఉండాలి. కానీ 1870కి ముందు జనాభా లెక్కల్లో బానిసల పేర్లే లేవు. యజమాని పేరు, దాని కింద వయసు, లింగం, రంగు, అంతే.

అక్కడ దారి చూపుతున్నది దివాలా తీసిన ఆ బ్యాంకే. ఖాతా తెరిచేటప్పుడు నింపిన ఫారాల్లో పాత యజమాని ఎవరు, తోట ఏది, తల్లిదండ్రులు, తోబుట్టువులు ఎవరు అనే వివరాలున్నాయి. యూటా రాష్ట్ర జైలు ఖైదీలు సుమారు 550 మంది 11 ఏళ్లు కూర్చుని ఆ చేతిరాతలను విప్పి కంప్యూటర్‌కెక్కించారు. 2001లో సీడీగా విడుదలైన ఆ జాబితాలో 4,80,000 పేర్లున్నాయి.