నక్కవాగు కాలుష్య వ్యతిరేక పోరాటం

మంజీరలో కలిసే నక్కవాగును పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాల నుంచి కాపాడేందుకు ఉమ్మడి మెదక్ జిల్లా రైతులు, వైద్యుడు కిషన్‌రావు వంటివారు సాగించిన ఉద్యమం. బావినీళ్లు రంగుమారి, వరిమళ్లు బీడుపడటం దీనికి మూలం. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం 2001లో హైకోర్టుకు మారింది. పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నీటిని తర్వాత సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గంలో హైదరాబాద్ నగర మురుగుకాలువకు, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. ఇది పరిష్కారం కన్నా బదిలీ అనటమే సబబు: గోదావరి పరీవాహకంలోని బెడద మూసీ ద్వారా కృష్ణా పరీవాహకానికి చేరింది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణా డెల్టాలోని పామర్రు పొలాలకు నీరిచ్చే ప్రకాశం బరాజ్ ఆ సంగమానికి దిగువన ఉంది. మురుగుతో కలిపితే గాఢత తగ్గుతుందన్న వాదన నిజమే. అయితే సూక్ష్మజీవులతో జరిగే శుద్ధిలో కరిగిన లవణాలు పోవు. నీరు పలచబడినా నదికి చేరే లవణాల మొత్తం తగ్గదు.