ఆమ్లజనిలో ఆమ్లం ఏదీ?

జీఆర్ఈకి పదాలు బట్టీ పట్టేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: గ్రీకు, లాటిన్ ధాతువులు పట్టుకో, మిగతా పదాలు వాటంతటవే వస్తాయి. నేనూ అదే చేశా, బాగానే పనిచేసింది. 'హైడ్రో' అంటే నీరు, 'జెన్' అంటే పుట్టించేది. హైడ్రోజన్ మండితే వచ్చేది నీరే కదా, లెక్క సరిపోయింది.

మరి ఆక్సిజన్? గ్రీకులో 'ఆక్సుస్' అంటే పదును, పులుపు. అంటే ఆమ్లాన్ని పుట్టించేది. పేరు పెట్టింది లవోయిజే. గంధకం, భాస్వరం కాల్చగా వచ్చినవి నీళ్ళలో కలిస్తే ఆమ్లాలయ్యాయి. దాంతో ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉండి తీరాలనుకున్నాడు. 1787లో ఆయనా, మరో ముగ్గురూ కలిసి రసాయనాల కొత్త పేర్ల పుస్తకం అచ్చేయడంతో ఆ పేరు స్థిరపడింది. 1794లో గిలటిన్ ఆయన తల తీసింది గానీ పేరు బతికిపోయింది. 1810లో హంఫ్రీ డేవీ, ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదని తేల్చాడు. అందులో ఉన్న క్లోరిన్‌కి ఆ పేరు పెట్టిందీ ఆయనే, గ్రీకులో లేత ఆకుపచ్చ అని. రంగు చూసి పెట్టాడు, సిద్ధాంతం జోలికి పోలేదు. తెలివైనవాడు!

తమాషా ఏంటంటే, మనవాళ్ళు ఆక్సిజన్‌ని ముక్కకి ముక్క దించి 'ఆమ్లజని' అన్నారు. ఇంగ్లీషువాడికి లవోయిజే పొరపాటు గ్రీకు చాటున దాక్కుంది, మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం పచ్చిగా కనబడేది. జర్మన్లదీ ఇదే అవస్థ, వాళ్ళ మాటకీ పుల్లని పదార్థమనే అర్థం. నత్రజని కథ వేరు. దానికి లవోయిజే బృందం ప్రాణం లేనిదనే అర్థంలో 'అజోట్' అని పేరు పెడితే, ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ అదే వాడుతున్నారు.