కుక్క పన్ను - దాని వర్గ స్వభావం

మొన్న పాఠం ముగిశాక ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు. జంతు సంరక్షణాలయం నుంచి కుక్కపిల్లను తెచ్చుకోబోతే దత్తత రుసుము అడిగారట. "డబ్బు లేనివాడు కుక్కను పెంచుకోకూడదా, మాస్టారూ?" అన్నాడు. టీకాలకూ, తిండికీ ఖర్చవుతుంది గనుక అది భరించలేనివాడు పెంచకపోవడమే మంచిదని తేలికగా చెప్పేశాను. ఇంటికి వెళ్ళాక ఆ జవాబు నాది కాదనిపించింది. దానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

ఇంగ్లండులో 1796లో కుక్కల మీద పన్ను వేశారు. అందుకోసం పట్టుబట్టిన పార్లమెంటు సభ్యుడు జాన్ డెంట్‌కు "కుక్క డెంట్" అని పేరు పడింది. అది తిండిగింజలకు కటకటగా ఉన్న కాలం. పేదల కుక్కలు మనుషుల తిండి తినేస్తున్నాయన్నది ఒక వాదన. దొరల వేటకుక్కల మందలు తినేది లెక్క తీస్తే ఆ వాదనలోని న్యాయమెంతో తేలుతుంది. 1867లో కుక్క ఒక్కింటికి అయిదు షిల్లింగుల లైసెన్సు వచ్చింది. 1878లో అది ఏడున్నర షిల్లింగులైంది. ప్రభువుకూ ఏడున్నరే, గనికార్మికుడికీ ఏడున్నరే! అసమానులను సమానంగా వడ్డించడమంటే ఇదే. ఆ లైసెన్సు 1980ల చివరిదాకా బతికింది.

ఈ మధ్యకాలంలోనే, 1860లో, మేరీ టీల్బీ అనే ఆమె లండన్‌లో దిక్కులేని కుక్కలకు ఆశ్రయం నెలకొల్పింది. 1871లో అది బాటర్సీకి మారింది. ఆమె దయను నేను శంకించను. కాని ఎవరూ తీసుకోని కుక్కలను అక్కడ చంపక తప్పలేదు. దయకు కూడా ఖర్చుంటుంది.

ఈ పన్ను అసలు రూపం వలసలో బయటపడింది. నైరుతి ఆఫ్రికాను, అంటే నేటి నమీబియాను, జర్మనీ చేతినుంచి తీసుకున్న దక్షిణాఫ్రికా పాలకులు 1917లో కుక్కల మీద పన్ను పెట్టి, 1921లో పెంచారు. బోండెల్‌స్వార్ట్స్ ప్రజలకు కుక్క విలాసం కాదు. వేటకూ, మందల కాపలాకూ అదే ఆధారం. కుక్క పోతే స్వతంత్ర జీవనం పోతుంది. ఆపైన తెల్లవారి పొలాల్లో కూలికి పోవడమే దారి. పాలకులకు కావలసినదీ కూలీలే. 1922లో ఆ ప్రజలు తిరగబడ్డారు. వారి మీద విమానాలతో బాంబులు వేయించారు. సుమారు వందమంది చనిపోయారు. నాయకుడు అబ్రహాం మోరిస్ పోరులో నేలకొరిగాడు. నానాజాతి సమితి సభలో హైతీ ప్రతినిధి డాంటె బెల్‌గార్డ్ ఈ ఘోరాన్ని ఎండగట్టాడు.

ఆ పన్నూ, నేటి దత్తత రుసుమూ ఒకటేనని నేననను. ఆ పన్ను ఖజానాకు పోయింది. ఈ రుసుము ఆ జంతువు మీదనే ఖర్చవుతుంది. ఉచితంగా ఇస్తే తీసుకుపోయి అమ్ముకునేవారూ ఉంటారు. ఐతే "భరించలేనివాడికి అర్హత లేదు" అన్న సూత్రం రెండింటికీ ఉమ్మడి. కుక్కకు వేసిన రేబిస్ టీకా యజమానిని ఒక్కణ్ణే కాక వీధినంతా కాపాడుతుంది. వీధికంతా మేలు చేసే పనికి ఖర్చు ఒక్క ఇంటి మీదనే ఎందుకు పడాలి? అది ప్రజావైద్యంలో భాగం కావాలి. ఇక కుక్కను ప్రేమగా చూసుకోగలడా అన్నది జేబు చూసి తేలే విషయం కాదు.

మర్నాడు ఆ విద్యార్థిని పిలిచి, నా జవాబు తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పడానికి ఒక గంట పట్టింది.