డిజిటల్ కథాకథనం (కళాశాల విద్య)

డిజిటల్ కథాకథనం లేదా డిజిటల్ స్టోరీటెల్లింగ్ అనగా రచయిత తన కథను సొంత గొంతుతో చదివి, దానికి ఛాయాచిత్రాలు, వీడియో ముక్కలు, సంగీతం జోడించి రూపొందించే లఘుచిత్రం. దీని నిడివి సాధారణంగా రెండు నుండి ఐదు నిమిషాలు ఉంటుంది. రచన, చరిత్ర, ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగ్ వంటి కళాశాల కోర్సులలో దీనిని వ్యాసానికి బదులుగా గాని, తోడుగా గాని విద్యార్థులకు అభ్యాసంగా ఇస్తారు.

చరిత్ర

అమెరికా కళాకారుడు డేనా ఆచ్లీ 1990వ దశకంలో తెరపై చిత్రాలు చూపుతూ తన జీవిత కథలను వేదికపై చెప్పేవాడు. ఆయన, జో లాంబర్ట్, నీనా మల్లెన్ కలిసి 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక డిజిటల్ మీడియా కేంద్రాన్ని స్థాపించారు. ఇది 1998లో బర్క్‌లీకి తరలి 'సెంటర్ ఫర్ డిజిటల్ స్టోరీటెల్లింగ్' అయింది. 2015లో 'స్టోరీసెంటర్'గా పేరు మార్చుకుంది. బ్రిటన్‌లో 2001లో బీబీసీ, కార్డిఫ్ విశ్వవిద్యాలయం కలిసి 'క్యాప్చర్ వేల్స్' పథకాన్ని ప్రారంభించాయి.

హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ రాబిన్ ఈ ప్రక్రియను తరగతి గదికి అన్వయించిన వారిలో ముఖ్యుడు. ఆయన ఈ కథలను స్వీయకథలు, చారిత్రక ఘటనలను పరిశీలించేవి, ఒక విషయాన్ని బోధించేవి అని మూడు రకాలుగా విభజించాడు.

ఏడు అంశాలు

లాంబర్ట్ బృందం మంచి డిజిటల్ కథకు ఏడు అంశాలను సూచించింది. అవి: దృక్కోణం, కథను నడిపే ప్రశ్న, భావోద్వేగం, సొంత గొంతు, నేపథ్య సంగీతం, క్లుప్తత, నడక.

తయారీ విధానం

* విషయాన్ని ఎంచుకొని, అవసరమైన సమాచారం సేకరించడం
* కథను రాసి, చిన్న బృందంలో చదివి, సూచనల మేరకు తిరగరాయడం
* ఏ వాక్యానికి ఏ చిత్రమో చూపే పట్టిక తయారుచేయడం
* గొంతును రికార్డు చేయడం
* చిత్రాలను, ధ్వనిని కూర్చి తరగతిలో ప్రదర్శించడం

మూడు నిమిషాల ఆంగ్ల కథకు సుమారు 300 నుండి 400 పదాలు సరిపోతాయి. తెలుగు పదాలు ప్రత్యయాలతో కలిసి పొడవుగా ఉంటాయి కనుక ఈ లెక్క తెలుగుకు వర్తించదు. రాసినదాన్ని పైకి చదివి గడియారంతో సరిచూసుకోవడమే మేలు. చిత్రం చూపుతున్న విషయాన్నే మాటల్లో మళ్ళీ చెప్పడం కొత్తవారిలో తరచుగా కనిపించే లోపం.

మూల్యాంకనం

తుది చిత్రానికి మాత్రమే మార్కులు ఇస్తే, మంచి కెమెరా, సాంకేతిక నైపుణ్యం ఉన్నవారికి అనుకూలత కలుగుతుంది. అందువలన కథాప్రతి, పట్టిక, తుది చిత్రం, తాను చేసిన ఎంపికలకు కారణాలు వివరించే చిన్న వ్యాసం, వీటిని విడివిడిగా లెక్కించడం సమంజసం. స్వీయకథలో మార్కులు చెప్పిన తీరుకే గాని, విద్యార్థి అనుభవించిన కష్టానికి కాదు. ఈ తేడాను ముందుగా స్పష్టం చేయనిచో, విద్యార్థులు మార్కుల కోసం తమ గాయాలను బయటపెట్టుకునే ప్రమాదం ఉంది.

సమస్యలు

కథలో కుటుంబసభ్యులు, రోగులు, మిత్రులు కనిపించినప్పుడు వారి సమ్మతి అవసరం. తరగతిలో చూపడానికి ఒప్పుకున్నంత మాత్రాన అంతర్జాలంలో ఉంచడానికి ఒప్పుకున్నట్లు కాదు. కనుక రెండింటికీ వేర్వేరుగా అనుమతి తీసుకోవాలి. స్వీయకథ చెప్పడం ఇష్టం లేని విద్యార్థికి వేరొక అంశం ఎంచుకునే వీలుండాలి. సినిమా పాటలను నేపథ్యంగా వాడితే కాపీహక్కుల చిక్కులు రావచ్చు. సొంత ఛాయాచిత్రాలు, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గల సంగీతం ఇందుకు ప్రత్యామ్నాయాలు.