102 అడుగుల తీగ కథ: జీ5ఆర్‌వీ యాంటెన్నా చెడ్డదెప్పుడైంది?

ఈ ఎపిసోడ్ చూస్తున్న మీ ఫోన్ లోపల యాంటెన్నాలు ఉన్నాయి, కదా. 4జీ, 5జీ, వైఫై, బ్లూటూత్, జీపీఎస్... రకరకాల ఫ్రీక్వెన్సీలు. వాటిని ఎప్పటికప్పుడు సర్దడానికి చాలా ఫోన్లలో బుల్లి చిప్‌లు కూడా ఉంటాయి. మనకు అదేమీ కనబడదు. ఇవాళ నేను చెప్పబోయేది కనబడే యాంటెన్నా గురించి. రెండు కొసల్లో కట్టిన రాగి తీగ, అంతే. దాంతోనే నాలుగైదు బ్యాండ్ల మీద ప్రపంచమంతా మాట్లాడాలన్నది హ్యామ్‌ల పాత కోరిక.

ముందు సమస్యేంటో చూద్దాం. స్కిప్పింగ్ తాడును ఇద్దరు చెరో పక్క పట్టుకుని తిప్పుతున్నారు అనుకోండి. మెల్లగా తిప్పితే మధ్యలో ఒకటే పెద్ద వంపు వస్తుంది. రెండింతలు వేగంగా ఊపితే రెండు వంపులు వస్తాయి, కానీ సరిగ్గా మధ్యలో తాడు కదలదు. మూడింతలు చేస్తే మూడు వంపులు, మధ్యలో మళ్లీ ఊపు. డైపోల్ తీగలో కరెంటు కూడా ఇలాగే ఉంటుంది. కొసల్లో సున్నా. మనం రేడియో నుంచి వచ్చే కేబుల్ కలిపేదేమో మధ్యలో. 7 మెగాహెర్ట్జ్‌కు సరిపడా 20 మీటర్ల తీగ కట్టారనుకోండి, 21 మీద కూడా బాగానే పనిచేస్తుంది, అది మూడింతలు కాబట్టి. 14 మీదకు వెళ్తే మధ్యలో కరెంటు దాదాపు ఉండదు. రేడియో తోస్తుంటే తీగ తీసుకోనంటుంది.

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. 1939లో యుద్ధం మొదలవగానే అక్కడి హ్యామ్‌ల లైసెన్సులు ఆపేశారు, ట్రాన్స్‌మిటర్లు పట్టుకెళ్లారు. మళ్లీ 1946లో అనుమతులు వచ్చాయి. అదే ఏడాది లూయీ వార్నీ అనే ఆయన తన కోసం ఒక తీగ డిజైన్ చేసుకున్నాడు. ఆయన కాల్ సైన్ జీ5ఆర్‌వీ. యాంటెన్నాకు కూడా అదే పేరు పడిపోయింది. ఆ యాంటెన్నా వాడేవాళ్లలో చాలామందికి ఆయన అసలు పేరే తెలీదు!

వార్నీ చేసిన తెలివైన పని ఏంటంటే, అందరిలా కింది బ్యాండ్ నుంచి లెక్క మొదలుపెట్టలేదు. దూరదేశాలతో మాట్లాడటానికి తనకు ఇష్టమైన 14 మెగాహెర్ట్జ్‌ను పట్టుకుని, దాని మీద మూడు వంపులు పట్టేంత పొడవు తీసుకున్నాడు. అది 102 అడుగులు, అంటే 31 మీటర్లు. మధ్యలో నిచ్చెనలా కనిపించే జంట తీగను 34 అడుగులు కిందికి వేలాడదీశాడు. ఈ 34 అడుగులు కూడా గాల్లో నుంచి ఊడిపడ్డ నంబర్ కాదు. 14.15 మెగాహెర్ట్జ్ దగ్గర అది సగం తరంగం. సగం తరంగం పొడవున్న లైన్ పైన ఏముందో కింద అదే చూపిస్తుంది. పైన సుమారు 90 ఓమ్‌లు ఉంటే కిందా అంతే, కాబట్టి 75 ఓమ్‌ల కేబుల్ చక్కగా కలుస్తుంది. మరి 3.5, 7 మెగాహెర్ట్జ్‌ల మీద? అక్కడ ఆ వేలాడే జంట తీగలో కొంత భాగం యాంటెన్నాలోకే మడతపడ్డట్టు లెక్క. పనిచేస్తుంది, కానీ మ్యాచింగ్ అంత బాగుండదు, ట్యూనర్ వాడాలి. వార్నీ దీన్ని దాచలేదు.

1958లో ఆయన డిజైన్ బ్రిటన్ రేడియో సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత లోకమంతా ఆ రెండు నంబర్లే కాపీ కొట్టింది, 102, 34. ఎందుకు అన్నది మాత్రం చాలామంది వదిలేశారు. నా కంప్లయింట్ అదే.

ఎందుకంటే తీగ అలాగే ఉంది, లోకం మారింది. అప్పటి వాల్వ్ రేడియోల్లో అవుట్‌పుట్ దగ్గర తిప్పుకునే నాబ్‌లు ఉండేవి. మ్యాచింగ్ కాస్త తేడాగా ఉన్నా సర్దుకునేవి. ట్రాన్సిస్టర్ రేడియోలు అలా కాదు. ఎస్‌డబ్ల్యూఆర్, అంటే ఎంత కరెక్టుగా మ్యాచ్ అయిందో చెప్పే లెక్క, 2 దాటిందంటే భయపడి పవర్ తగ్గించేస్తాయి. దానికి తోడు 1979లో అంతర్జాతీయ సమావేశంలో 10, 18, 24 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మూడు కొత్త బ్యాండ్లు ఇచ్చారు. 1946లో వార్నీ వీటిని ఊహించే అవకాశమే లేదు. అలా మంచి యాంటెన్నా కాస్తా చెడ్డ యాంటెన్నా అయిపోయింది!

1980ల్లో దక్షిణాఫ్రికాలో బ్రయాన్ ఆస్టిన్, కాల్ సైన్ జడ్‌ఎస్6బీకేడబ్ల్యూ, అదే ఆకారాన్ని కంప్యూటర్‌కు అప్పజెప్పాడు. పై తీగ ఎంత, జంట తీగ ఎంత, దాని ఓమ్‌లు ఎంత ఉంటే ఎక్కువ బ్యాండ్ల మీద ట్యూనర్ లేకుండా నడుస్తుంది? పై తీగ సుమారు 28 మీటర్లకు తగ్గింది, జంట తీగ పెరిగింది. 7, 14, 18, 24, 28 మెగాహెర్ట్జ్‌లు దారికొచ్చాయి. 21 మాత్రం లొంగలేదు. అన్నీ కావాలంటే ఒక్క తీగతో కుదరదు మరి.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి, నవ్వకండి. మా డాబా మీద వాటర్ ట్యాంక్ స్టాండ్ నుంచి పక్క మూలకు వార్నీ తీగ కట్టాను. 31 మీటర్లు పట్టక రెండు కొసలూ కొంచెం కిందికి వేలాడదీశాను. అది ఫర్వాలేదు, కొసల్లో కరెంటు తక్కువే. ఇంట్లో పడున్న పాత కేబుల్ కలిపాను, 30 మీటర్లు ఉంటుంది. 21 మీద కూడా మీటర్ బాగానే చూపించింది! నేను గొప్పోణ్ణి అనుకున్నాను. కానీ ఎవరూ జవాబివ్వరు. తర్వాత డబ్బు పెట్టి మంచి కేబుల్ వేశాను. మీటర్ ఒక్కసారిగా పైకి లేచింది. కొత్త కేబుల్ పాడైందనుకుని షాపుకు వెళ్లి గొడవ కూడా పెట్టుకున్నాను.

తప్పు కేబుల్‌ది కాదు, నాది. పాత కేబుల్ పవర్‌ను వేడిగా మింగేస్తోంది. తీగ దగ్గర నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్‌ను కూడా దారిలోనే మింగేస్తోంది. మీటర్‌కు ఏమీ తిరిగి రావట్లేదు, అందుకని ఆహా అంటోంది. వాల్టర్ మ్యాక్స్‌వెల్ అనే ఇంజనీరు 1973 నుంచే అమెరికా హ్యామ్ పత్రిక క్యూఎస్‌టీలో వరసగా వ్యాసాలు రాసి ఈ ఎస్‌డబ్ల్యూఆర్ భ్రమలను ఉతికేశాడు. నేను అవి చదివింది షాపువాడితో గొడవపడిన తర్వాత.

ఇప్పుడు మా డాబా మీద ఆస్టిన్ కొలతలే ఉన్నాయి. చిన్న ఎనలైజర్‌ను ముందు జంట తీగ కొస దగ్గరే పెట్టి చూస్తాను, గదిలో కాదు. తీగ పొడవు ఎక్కువైతే కొయ్యను, వెనక్కి మడిచి చుడతాను. కోసిన తీగ మళ్లీ అతకదు కదా. తడి డాబా మీద, మబ్బు ఉరుముతున్నప్పుడు, కరెంటు వైర్ల దగ్గర ఈ పని అస్సలు వద్దు. ట్రాన్స్‌మిట్ చేయాలంటే లైసెన్స్ ఉండాలి. వినడానికి అయితే ఒక చిన్న షార్ట్‌వేవ్ రేడియో, ఓ పది మీటర్ల తీగ చాలు, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో 1955 నాటి ట్రాప్ డైపోల్ గురించి చెప్తాను. అందులో తీగను ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో చోట కాయిల్, కండెన్సర్ కలిసి కట్ చేస్తాయి. ఉంటాను మరి, 73.